గౌరీబిదనూరు రేడియో అబ్జర్వేటరీలో డిష్ ఎందుకు లేదు, అనంతపురంలో చిన్నది కట్టాలంటే ఏం చెయ్యాలి

అనంతపురం డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ విద్యార్థులు అడిగింది క్లుప్తంగా ఇది: హిందూపురం అవతల గౌరీబిదనూరులో రేడియో అబ్జర్వేటరీ ఉందంటారు. ఫొటోల్లో చూస్తే పెద్ద డిష్ ఒక్కటీ లేదు, మైదానం నిండా కడ్డీలు, తీగలే. కొందరేమో అది భూకంపాల కేంద్రం అంటున్నారు. అది నిజంగా టెలిస్కోపేనా? ఏం కనిపెట్టింది? పదివేల లోపు ఖర్చుతో మా కాలేజీలో అలాంటిది పెట్టుకోగలమా?

ముందు భూకంపాల సంగతి తేల్చేద్దాం. గౌరీబిదనూరులో రెండు వేర్వేరు సంస్థలున్నాయి. ఒకటి భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ల భూకంప లేఖినుల కేంద్రం, 1960ల నాటిది. రెండోది మీరు అడుగుతున్న రేడియో అబ్జర్వేటరీ. దీన్ని బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి 1976 నుంచి నడుపుతున్నాయి. ఒకదానికీ ఇంకోదానికీ పని సంబంధం లేదు.

ఇక డిష్ ఎందుకు లేదన్నది. ఇది అర్థమైతే మిగతాదంతా దాని వెంట వస్తుంది. అక్కడి మొదటి పెద్ద టెలిస్కోప్ పనిచేసింది 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర. ఆ తరంగం పొడవు 8.7 మీటర్లు. ఏ టెలిస్కోప్ అయినా ఎంత సన్నటి వివరం చూడగలదన్నది తరంగదైర్ఘ్యాన్ని టెలిస్కోప్ వెడల్పుతో భాగిస్తే తెలుస్తుంది. పూణే దగ్గర జీఎంఆర్‌టీలో ఉన్న 45 మీటర్ల డిష్‌ను (అక్కడి రేడియో టెలిస్కోపులో ఒక భాగం) తెచ్చి ఇక్కడ పెట్టామనుకోండి. 8.7ను 45తో భాగిస్తే 0.19 రేడియన్లు, అంటే 11 డిగ్రీలు. నిండు చంద్రుడు అర డిగ్రీ. ఇరవై రెండు చంద్రుళ్లను పక్కపక్కన పేరిస్తే ఎంత వెడల్పో అంతమేర ఆకాశమంతా కలగలిసి ఒకే అంకెగా వస్తుంది. అంత ఇనుము పోసి కట్టినా దక్కేది ఇంతే. అదే 1.4 కిలోమీటర్ల పొడవున డైపోళ్లు (మధ్యలో విడిన రెండు చేతుల తీగ ఆంటెనాలు) పరిస్తే అదే లెక్కలో అర డిగ్రీ కంటే తక్కువకు దిగుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలో ఒక్కో డైపోల్ చవక, దూరం ముఖ్యం. డిష్ మీద పెట్టే డబ్బు ఇక్కడ వృథా.

అందుకే భారత ఖగోళ భౌతిక సంస్థ నుంచి సి.హెచ్.వి. శాస్త్రి, రామన్ సంస్థ సహచరులతో కలిసి అక్కడ 1,000 డైపోళ్లను ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో నిలబెట్టారు. తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్ల చేతిలో 640 డైపోళ్లు: నాలుగు వరుసలు, వరుసకు 160. మధ్య నుంచి దక్షిణంగా 450 మీటర్ల చేతిలో 360: తొంభై వరుసలు, వరుసకు నాలుగు. తూర్పు పడమరల చేయి ఆకాశంలో ఉత్తర దక్షిణాలుగా సాగిన సన్నటి పట్టీని చూస్తుంది. దక్షిణపు చేయి దానికి అడ్డంగా ఇంకో పట్టీని చూస్తుంది. రెండిటి సంకేతాలను ఎలక్ట్రానిక్స్‌లో గుణిస్తే, ఆ రెండు పట్టీలూ ఒకదానినొకటి కోసుకునే చిన్న చుక్క ఒక్కటే మిగులుతుంది. దీర్ఘ చతురస్రం మొత్తాన్నీ అదే ఎడంతో నింపాలంటే 160ని 90తో గుణించి 14,400 డైపోళ్లు కావాలి. వెయ్యితో ఆ సూక్ష్మత వచ్చింది. వచ్చిన కిరణం తలపైన సుమారు 26 ఆర్క్ నిమిషాలు (ఆర్క్ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) ఒక వైపు, 42 ఒక వైపు. కలెక్ట్ చేసే వైశాల్యం మాత్రం 14,400తో వచ్చేంత రాదు. ఆ తేడా ఎప్పుడూ గుర్తుంచుకోవాలి, సూక్ష్మత వేరు, సున్నితత్వం వేరు.

కదిలే భాగమేదీ లేదు. ఆకాశంలో ఉత్తరానికో దక్షిణానికో చూపు మళ్లించాలంటే వరుసల మధ్య ఫేజ్ మారుస్తారు. పక్క వరుస సంకేతాన్ని కొంచెం ఆలస్యం చేసి కలిపితే చూపు వాలుతుంది. తూర్పు నుంచి పడమరకు భూమే తిప్పుతుంది.

స్థలం అక్కడే ఎందుకంటే బెంగళూరుకు వంద కిలోమీటర్ల లోపు దూరం, చదునైన నేల, అప్పట్లో రేడియో గోల తక్కువ. 13.6 డిగ్రీల అక్షాంశం మరో వరం. యూరప్, అమెరికాల్లోని తక్కువ ఫ్రీక్వెన్సీ టెలిస్కోపులకు దక్షిణాకాశం సరిగా అందదు. యూరప్ వాళ్లకు పాలపుంత కేంద్రం దిగంతం మీద పాకుతుంది. మన పెన్నా ఒడ్డున, గౌరీబిదనూరులో, అది 47 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది.

ఏం సాధించిందన్నారు. ద్వారకానాథ్, ఉదయశంకర్ కలిసి 1990లో ప్రచురించిన 34.5 మెగాహెర్ట్జ్ ఆకాశ పటం దాని పెద్ద ఫలితం. మైనస్ 50 నుంచి ప్లస్ 70 డిగ్రీల క్రాంతి (ఆకాశంలో అక్షాంశం లాంటిది) వరకు ఆకాశాన్ని అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో అంత వివరంగా చూపించింది. ఇప్పటికీ తక్కువ ఫ్రీక్వెన్సీ ఆకాశ నమూనాలు కట్టేవాళ్లు ఆ పటాన్ని వాడుతున్నారు. నాకు అంతకంటే ఇష్టమైన ఫలితం మరొకటుంది. కాసియోపియా ఏ అనే సూపర్‌నోవా అవశేషం దిశలో కార్బన్ వర్ణపట గీతలను అక్కడ గమనించారు. ఎలక్ట్రాన్ 575వ మట్టం దగ్గర ఉన్న కార్బన్ పరమాణువులవి. మట్టం సంఖ్య వర్గాన్ని బోర్ వ్యాసార్ధంతో గుణించి, రెట్టింపు చేసి చూడండి: ఒక్క పరమాణువు అడ్డకొలత 35 మైక్రాన్లు, మామూలు వెంట్రుకలో దాదాపు సగం మందం. అలాంటి పరమాణువు ప్రయోగశాలలో బతకదు, అంతరిక్షంలోని పలచటి చల్లటి వాయువులోనే బతుకుతుంది. బోర్ నమూనా పాఠం చెప్పే మాస్టార్లు ఈ ఉదాహరణ తప్పక చెప్పాలి.

1997 నుంచి అక్కడ రెండో జీవితం మొదలైంది. సూర్యుడి కోసం ప్రత్యేకంగా రేడియోహీలియోగ్రాఫ్ కట్టారు. అది కూడా టీ ఆకారమే, కానీ డైపోళ్లకు బదులు లాగ్ పీరియాడిక్ ఆంటెనాలు, మొదట 192, తర్వాత 384. పాత టీవీ ఆంటెనా లాగా పొట్టి నుంచి పొడుగు దాకా కడ్డీలుంటాయి. ఒక్కో ఫ్రీక్వెన్సీకి దానికి తగిన పొడవున్న కడ్డీలే పనిచేస్తాయి కాబట్టి 40 నుంచి 150 మెగాహెర్ట్జ్ వరకు ఒకే ఆంటెనా సరిపోతుంది. ఇన్ని ఫ్రీక్వెన్సీలు ఎందుకు? కరోనాలో, అంటే సూర్యుడి చుట్టూ ఉండే పలచటి వేడి వాయువులో, ప్రతి ఎత్తుకూ ఒక ఎలక్ట్రాన్ సాంద్రత ఉంది, ప్రతి సాంద్రతకూ ఒక ప్లాస్మా ఫ్రీక్వెన్సీ ఉంది, ఆ పొర రేడియోలో కనిపించేది దాదాపు ఆ ఫ్రీక్వెన్సీలోనే. ఘన సెంటీమీటరుకు ఉన్న ఎలక్ట్రాన్ల సంఖ్యకు వర్గమూలం తీసి 9 కిలోహెర్ట్జ్‌తో గుణిస్తే అది వస్తుంది. 80 మెగాహెర్ట్జ్ అంటే ఘన సెంటీమీటరుకు సుమారు 8 కోట్ల ఎలక్ట్రాన్లున్న పొర. ఫ్రీక్వెన్సీ తగ్గించేకొద్దీ సూర్యుడి నుంచి పైపైకి పోతాం. గ్రహణం అక్కర్లేకుండా, సూర్యబింబాన్ని కప్పకుండా, కరోనాను రోజూ చూడటమన్నమాట. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1లో కరోనాగ్రాఫ్ (సూర్యబింబాన్ని కప్పి కరోనాను చూసే పరికరం) కట్టింది కూడా ఈ భారత ఖగోళ భౌతిక సంస్థే. అది కాంతిలో చూసేదీ, గౌరీబిదనూరు రేడియోలో చూసేదీ దాదాపు ఒకే ప్రాంతం. రెండూ పక్కపక్కన పెట్టి చదవాల్సినవి.

ఇప్పుడు మీ కాలేజీ సంగతి. కట్టగలరు. కానీ అందరూ చేసే పొరపాటు ఏమిటంటే ముందు సామాను కొనడం. తక్కువ ఫ్రీక్వెన్సీలో కొరత లోహానిది కాదు, నిశ్శబ్దానిది. కాబట్టి రూపాయి ఖర్చు పెట్టకముందు స్థలం వెతకండి.

బ్యాటరీతో నడిచే, షార్ట్ వేవ్ ఉన్న ట్రాన్సిస్టర్ రేడియో ఒకటి చాలు. పై బ్యాండులో స్టేషను లేని ఖాళీ చోట పెట్టి, వాల్యూమ్ స్థిరంగా ఉంచి కాలేజీ మేడ మీద, గ్రౌండ్‌లో, ఊరి బయట చేలల్లో తిరగండి. ఒక్కో చప్పుడుకు ఒక్కో యజమాని ఉంటాడు. గరగరమని ఆగకుండా వస్తూ లైను స్తంభం దగ్గరికి పోయేకొద్దీ పెరిగితే అది పింగాణీ ఇన్సులేటర్ మీద స్పార్కింగ్. ఎండాకాలం దుమ్ము పట్టి, మొదటి తుంపర పడినప్పుడు ఇది మరీ ఎక్కువ. సెకనుకు ఒకటి చొప్పున టిక్ టిక్ మంటే అడవి పందుల కోసం వేరుశెనగ చేను చుట్టూ వేసిన సోలార్ ఫెన్సింగ్. ఎండెక్కాక మొదలై పొద్దు గూకితే ఆగిపోయే ఈలలు సోలార్ ఇన్వర్టర్లవి. మేడల మీద ప్యానెళ్లు పెరిగిన కొద్దీ ఇవి అనంతపురం, కర్నూలు, కడప అన్ని ఊళ్లలోనూ పెరిగాయి. ఎల్‌ఈడీ బల్బు, లాప్‌టాప్ చార్జరు, కేబుల్ టీవీ యాంప్లిఫైయరు చెప్పక్కర్లేదు. 11 కేవీ లైనుకు, బోరు మోటార్ల ట్రాన్స్‌ఫార్మర్‌కు కనీసం మూడు నాలుగు వందల మీటర్ల దూరం చూసుకోండి. టౌను మధ్యలో కాలేజీ మేడ మీదైతే నేను వద్దంటాను. ఎవరైనా విద్యార్థి ఇంటి చేను దొరికితే అదే మేలు.

ఏం కొలవాలి? మొదటి ప్రాజెక్టుగా సూర్యుడు వద్దు, గురుగ్రహం వద్దు. అవి తమకు తోచినప్పుడే మోగుతాయి. నెల రోజులు ఏమీ రాకపోతే పిల్లల ఉత్సాహం పోతుంది. పాలపుంత ఎప్పుడూ ఉంటుంది. అమెరికా ఇంజనీరు కార్ల్ జాన్‌స్కీ 20.5 మెగాహెర్ట్జ్‌లో విని 1933లో ప్రకటించింది దాన్నే. ఆయన రుజువు చాలా సాదా: ఆ చప్పుడు 24 గంటలకు కాక 23 గంటల 56 నిమిషాలకొకసారి తిరిగొస్తోంది, కాబట్టి భూమిదీ సూర్యుడిదీ కాదు, నక్షత్రాల మధ్య నుంచి. ఆ రుజువును మీరు ఒక్క డైపోల్‌తో మళ్లీ చెయ్యొచ్చు.

ఫ్రీక్వెన్సీ 38 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టుకోండి. 37.5 నుంచి 38.25 వరకు అంతర్జాతీయంగా రేడియో ఖగోళశాస్త్రానికి కూడా కేటాయించిన భాగం, మిగతా చోట్ల కంటే ఖాళీగా ఉండే అవకాశం ఎక్కువ. డైపోల్ మొత్తం పొడవు మీటర్లలో 143ను 38తో భాగిస్తే 3.76. అంటే ఒక్కో చేయి 1.88 మీటర్లు. ఇంటి వైరింగ్‌కు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సరిపోతుంది. పై ప్లాస్టిక్ తొడుగు ఉంచితే రెండు మూడు శాతం పొట్టిగా కట్ చెయ్యాల్సి వస్తుంది, కాబట్టి ముందు 1.95 మీటర్లు కట్ చేసి తర్వాత తగ్గించండి. రెండు వెదురు బొంగులు తూర్పు పడమరలుగా నాలుగున్నర మీటర్ల ఎడంలో పాతి, నైలాన్ తాడుతో తీగను నేల నుంచి 2 మీటర్ల ఎత్తున బిగించి కట్టండి. జీఐ పైపులు వాడొద్దు, తీగ పొడవును అవి పాడుచేస్తాయి. రెండు మీటర్లు ఎందుకంటే అది తరంగంలో పావు వంతు, నేల నుంచి తిరిగొచ్చిన తరంగం పైనుంచి వచ్చినదానికి తోడవుతుంది. ఇక్కడ మన నేల ఇబ్బంది. అనంతపురం ఎర్రనేల ఎండాకాలంలో మంచి వాహకం కాదు. కింద 5 మీటర్ల చదరంలో బైండింగ్ వైరును తీగకు సమాంతరంగా అడుగుకొకటి పరిచి, చివర్లు ఒకదానికొకటి కలపండి. 8 మీటర్ల తరంగానికి అడుగు ఎడం ఉన్న తీగలు రేకుతో సమానం.

మధ్యలో కోయాక్స్ కేబుల్. కేబుల్ టీవీ వాళ్ల ఆర్‌జీ-6 తీసుకోండి, 20 మీటర్లకు నష్టం ఒక డెసిబెల్ చుట్టూ ఉంటుంది. 75 ఓమ్‌ల కేబుల్‌ను 50 ఓమ్‌ల రిసీవర్‌కు కలిపితే పోయేది డెసిబెల్‌లో అయిదో వంతు కూడా కాదు, దాని గురించి కంగారు అక్కర్లేదు. డైపోల్ దగ్గరే కేబుల్‌ను ఫెరైట్ రింగులో అయిదారు చుట్లు చుట్టడం మాత్రం మానొద్దు. అది లేకపోతే కేబుల్ పై తొడుగు కూడా ఆంటెనాగా మారి, లాప్‌టాప్ గోలంతా మోసుకొస్తుంది. ఈ చిన్న రింగు వదిలేసి నెలల డేటా పారేసుకునేవాళ్లు చాలామంది. పొడవు సరిచూడటానికి నానో వీఎన్ఏ (ఆంటెనా ఏ ఫ్రీక్వెన్సీలో అనునాదమవుతుందో చూపే చిన్న పరికరం) దొరికితే మంచిది. ఒక్కో చివర సెంటీమీటరు కట్ చేస్తే అనునాదం 0.2 మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది. స్టాండింగ్ వేవ్ నిష్పత్తి (ఆంటెనా, కేబుల్ ఎంత బాగా కుదిరాయో చెప్పే అంకె) 2 లోపు వస్తే ఆపెయ్యండి.

అంత ఉదారంగా ఎందుకంటే 38 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశం ఉష్ణోగ్రతే దాదాపు పదివేల కెల్విన్లు. రిసీవర్ సొంత నాయిస్ కొన్ని వందలే. కాబట్టి ఖరీదైన తక్కువ నాయిస్ యాంప్లిఫైయర్ కొనొద్దు, ఇక్కడ అది పనికిరాదు. ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగుల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్) చాలు. ఆ డబ్బు ఫిల్టర్ మీద పెట్టండి. డాంగుల్ 8 బిట్లది, బలమైన సంకేతం తట్టుకోలేదు. ఆకాశవాణి ఎఫ్ఎం స్టేషన్లు దాన్ని ముంచేస్తాయి, అప్పుడు 38 దగ్గర లేని సంకేతాలు ఉన్నట్టు కనిపిస్తాయి. 88 నుంచి 108 వరకు ఆపే ఫిల్టర్ డాంగుల్‌కు ముందు తప్పనిసరి. సరిగ్గా ఉందో లేదో చూడటానికి గైన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) 10 డెసిబెల్స్ తగ్గించండి. నాయిస్ కూడా సరిగ్గా పదే తగ్గాలి. ఎక్కువ తగ్గినా తక్కువ తగ్గినా ఓవర్‌లోడ్ ఉంది.

తర్వాత అసలు పరీక్ష. ఆంటెనా తీసేసి 50 ఓమ్‌ల టెర్మినేటర్ (ఆంటెనా బదులు తగిలించే నిరోధం) పెట్టి నాయిస్ మట్టం రాసుకోండి. ఆంటెనా తిరిగి పెట్టండి. 8 నుంచి 10 డెసిబెల్స్ పెరిగితే మీరు ఆకాశాన్ని వింటున్నారు. 20 పెరిగితే విన్నది ఊరిని. 3 కంటే తక్కువైతే ఎక్కడో జాయింట్ ఊడింది. ఈ మూడు అంకెలూ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుని, వారానికొకసారి మళ్లీ చూడండి.

ఆటోమేటిక్ గైన్ ఆఫ్ చెయ్యడం మర్చిపోవద్దు. అది ఆన్‌లో ఉంటే మీరు కొలవాలనుకున్న మార్పునే అది చదును చేసేస్తుంది. ఒక మెగాహెర్ట్జ్ వెడల్పు, పది సెకన్ల సగటు తీసుకుంటే సిద్ధాంతపరంగా పొరపాటు 0.03 శాతమే. పాలపుంత లేచినప్పటికీ దిగినప్పటికీ మధ్య తేడా రెట్టింపుకు దగ్గర, 3 డెసిబెల్స్ ప్రాంతం. అంటే సున్నితత్వం సమస్యే కాదు. సమస్య గైన్ స్థిరత్వం. పగలు 42 డిగ్రీలు, తెల్లవారుజామున 27 ఉండే ఊళ్లో డాంగుల్ గైన్ వేడితో జారుతుంది. దాన్ని మందపాటి అల్యూమినియం డబ్బాలో పెట్టి, డబ్బాను నీడలో, వీలైతే నేలలో అడుగు లోతున పాతండి. చిన్న రిలేతో పది నిమిషాలకొకసారి అర నిమిషం టెర్మినేటర్‌కు మార్చి, ఆ అంకెతో మిగతావి భాగించండి. రిలేకు, యాంప్లిఫైయర్ పెడితే దానికి, 12 వోల్టుల బ్యాటరీ, మామూలు 78 సిరీస్ రెగ్యులేటర్. స్విచింగ్ కన్వర్టర్లు వద్దు, వాటి గోల సరిగ్గా ఈ బ్యాండులోనే పడుతుంది. లాప్‌టాప్ కూడా చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. రాత్రంతా ఆగకపోతే రాస్ప్‌బెర్రీ పై వాడి దాన్ని వేరే ఇనుప డబ్బాలో పెట్టండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి? పాలపుంత కేంద్రం మన తలమీదుగా ఉత్తర దక్షిణాలుగా సాగే గీతను దాటేది మార్చి మూడో వారంలో ఉదయం 6 ప్రాంతం, ఏప్రిల్ మూడో వారంలో 4, మేలో 2, జూన్‌లో అర్ధరాత్రి. నెలకు రెండు గంటలు ముందుకు జరుగుతుంది. పగటిపూట ఐనోస్ఫియర్ (వాతావరణపు పై పొర) బలపడి దూరదేశాల సంకేతాలను ఈ బ్యాండులోకి తోసే రోజులుంటాయి, రాత్రి డేటానే నమ్మండి. కాబట్టి మార్చి ఆఖరున మొదలుపెట్టి మే నెలాఖరు దాకా నడపండి. మేలో సాయంత్రం ఉరుములు వస్తాయి. మబ్బు పట్టగానే కేబుల్ విప్పి, చివర ఎర్త్ రాడ్‌కు కలిపి దూరంగా ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు.

డేటా శుభ్రం చెయ్యడానికి సగటు వాడొద్దు. బ్యాండును నూరు భాగాలు చేసి ప్రతి పది సెకన్లకూ మీడియన్ (వరుసలో పెడితే మధ్యన వచ్చే విలువ) తీసుకోండి. తర్వాత పదిహేను నిమిషాల్లో వచ్చిన విలువల్లో కింది నుంచి పదో శాతం దగ్గరిది పట్టుకోండి. స్పార్కులూ మెరుపులూ ఎప్పుడూ విలువను పెంచుతాయే కానీ తగ్గించవు, కాబట్టి కింది అంచు ఆకాశానిది. టైము యూనివర్సల్ టైములోనే రాయండి, మన టైములోంచి అయిదున్నర గంటలు తీసెయ్యాలి. అనంతపురం రేఖాంశం 77.6 డిగ్రీలు, కాలంలో 5 గంటల 10 నిమిషాలు. దాన్ని గ్రీనిచ్ నక్షత్ర కాలానికి (సూర్యుణ్ణి కాక నక్షత్రాలను బట్టి లెక్కించే, 23 గంటల 56 నిమిషాల రోజు) కలిపితే మీ నక్షత్ర కాలం. అన్ని రోజుల గ్రాఫులనూ ఒకసారి గడియారం టైము మీద, ఒకసారి నక్షత్ర కాలం మీద వెయ్యండి. వేడి వల్ల, ఇన్వర్టర్ల వల్ల వచ్చిన గుట్టలు మొదటి గ్రాఫులో ఒకదానిమీద ఒకటి పడతాయి. పాలపుంత గుట్ట రెండో దాంట్లో 18 గంటల చుట్టూ పడుతుంది. రెండు వారాలకే ఒక గంట తేడా స్పష్టంగా విడిపోతుంది.

రెండో డైపోల్ పెట్టి గౌరీబిదనూరు లాగా గుణించాలని మనసవుతుంది. లెక్క చూడండి. సిగ్నస్ ఏ అనే గెలాక్సీ లాంటి బలమైన మూలం కూడా ఒక్క డైపోల్‌కు ఇచ్చేది ఆ పదివేల కెల్విన్ల మీద ఒకటి రెండు శాతమే. రెండు డాంగుళ్లకు ఒకే క్లాక్ ఇవ్వాలి, గైన్ అర శాతం లోపు నిలవాలి. వాళ్లు వెయ్యి డైపోళ్లు పెట్టింది ఇందుకే. మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు.

సూర్యుడి విస్ఫోటాలు మాత్రం అదే డైపోల్‌కు అప్పుడప్పుడు చిక్కుతాయి. టైప్ 3 అనే రకమైతే పై ఫ్రీక్వెన్సీ నుంచి కిందికి కొన్ని సెకన్లలో జారుతుంది, కాంతి వేగంలో మూడో వంతుతో బయటికి పోయే ఎలక్ట్రాన్ల పని అది. టైప్ 2 షాక్ తరంగం వల్ల వస్తుంది, నిమిషాలు పడుతుంది. మీ గ్రాఫులో పగలు హఠాత్తుగా లేచినది సూర్యుడిదో, పక్క చేను స్టార్టర్‌దో తేల్చడానికి ఈ-కాలిస్టో అనే, సూర్యుడి రేడియో విస్ఫోటాలను రికార్డు చేసే ప్రపంచ నెట్‌వర్క్ ఉంది. గౌరీబిదనూరు, ఊటీ రెండూ అందులో స్టేషన్లు, రికార్డులు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఆ రిసీవర్లు 45 మెగాహెర్ట్జ్‌కు పైన చూస్తాయి, మీది 38. కాబట్టి నిజమైన టైప్ 3 వాళ్ల దగ్గర ముందు కనిపించి, మీ దగ్గర ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా రావాలి. ఆ ఆలస్యం కనిపించాలంటే పది సెకన్ల సగటు పనికిరాదు. పగటి వేళ ఒక సెకను రికార్డు వేరే ఫైల్లో ఉంచుకోండి, కంప్యూటర్ గడియారాన్ని రోజూ ఇంటర్నెట్ టైముతో సరిచెయ్యండి.